రెన్ అండ్ మార్టిన్‌లో రెన్ ఎవరు?

కరాచీలో హెడ్మాస్టరు.. లోకానికి నవలా రచయిత.. మన ఇళ్లల్లో గ్రామరు పుస్తకం

పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయంటే చాలు.. చాలా ఇళ్లల్లో అటక మీదున్న ఓ లావుపాటి పుస్తకం కిందికి దిగేది. అన్న చదివాక అక్క చదివింది, ఆనక పక్కింటి అబ్బాయి పట్టుకెళ్లి ఆర్నెల్లకు తిరిగిచ్చాడు. అట్టకు బ్రౌన్ పేపరు, నలిగిన మూలలు, అభ్యాసాల పక్కన పెన్సిలుతో రాసి చెరిపేసిన జవాబుల మరకలు. పుస్తకం పేరేంటని అడిగితే హైస్కూల్ ఇంగ్లిష్ గ్రామర్ అండ్ కాంపోజిషన్ అని ఎవరూ చెప్పరు. రెన్ అండ్ మార్టిన్ అంటారు. అంతే.

సరిహద్దుకు అవతలున్న తెలుగువారికి ఈ పుస్తకంతో మరికాస్త ఎక్కువ అవసరం పడింది. సోలాపూర్‌లో మగ్గం నేసే ఇంటి పిల్లాడికి ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ. బళ్లారిలో వీధి భాష కన్నడం, హోసూరులో తమిళం, బరంపురంలో ఒడియా. ఊరిని బట్టి రెండో భాష మారుతుంది. మూడోది మాత్రం అందరికీ ఇంగ్లిషే. ఆ మూడో భాషలో గట్టెక్కించమని తండ్రులు తెచ్చి చేతిలో పెట్టిన పుస్తకం కూడా చాలాచోట్ల ఇదే.

ఇంతకీ ఈ రెన్ ఎవరు? మాస్టారు చెప్పలేదు, పుస్తకంలోనూ లేదు. పరీక్షలో రాని ప్రశ్న కాబట్టి పిల్లలూ అడగలేదు. రెన్, మార్టిన్ ఇద్దరూ అన్నదమ్ములని అనుకునేవారు కొందరు. అదంతా ఒకే మనిషి పేరనుకున్నవారు మరికొందరు.

ఆయన పూర్తి పేరు పెర్సివల్ క్రిస్టఫర్ రెన్. పుట్టింది 1875 నవంబరు 1న. నవంబరు 1 అంటే సరిహద్దు జిల్లాల వారికి వేరే చెప్పక్కర్లేదు. 1956లో అదే తేదీన భాషల లెక్కన రాష్ట్రాల గీతలు పడ్డాయి, ఒకే భాష మాట్లాడేవాళ్లు కొందరు ఇటు, కొందరు అటు మిగిలారు. అటూ ఇటూ ఉన్న పిల్లలందరి పుస్తకాల సంచీలోకి చేరిన మనిషి పుట్టినరోజు కూడా అదే కావడం కాకతాళీయం. 2025లో ఆయన పుట్టి 150 ఏళ్లు నిండాయి.

బడిపంతులు కొడుకు

రెన్ పుట్టింది దక్షిణ లండన్‌లోని డెప్ట్‌ఫర్డ్‌లో. ఓడల రేవు పక్కన పనివాళ్లు, చిన్నపాటి ఉద్యోగులు ఉండే పేట అది. తండ్రి బడిపంతులు. తల్లిదండ్రులు పెట్టిన పేరు పెర్సీ. పెర్సివల్ క్రిస్టఫర్ అన్న గంభీరమైన రూపం తర్వాత వచ్చి చేరింది. లండన్‌లో సెయింట్ పాల్స్ కేథడ్రల్ కట్టిన ప్రసిద్ధ వాస్తుశిల్పి పేరు క్రిస్టఫర్ రెన్. ఆ వంశంతో తమకు చుట్టరికం ఉందని రచయిత అయ్యాక ఆయన గురించి రాసుకున్నారు. పేరు మార్పు వెనక ఆ ముచ్చట ఉందేమో మరి.

ఆక్స్‌ఫర్డ్‌లో చదివారు. అయితే సంపన్నుల పిల్లలుండే పేరుమోసిన కాలేజీల్లో కాదు. కాలేజీ ఖర్చులు భరించలేని వాళ్ల కోసం విశ్వవిద్యాలయం నడిపిన సెయింట్ కేథరిన్స్ సొసైటీలో. గదులకు, భోజనాలకు కాలేజీల స్థాయిలో కట్టలేనివాళ్లు అందులో చేరి డిగ్రీ తెచ్చుకునేవారు. పట్టణానికొచ్చి అద్దె గదిలో ఉంటూ చదువుకునే మన ఊళ్ల పిల్లల్లాంటి చదువే అనుకోండి. డిగ్రీ చేతికొచ్చాక కొన్నేళ్లు హాస్టలు బడుల్లో పాఠాలు చెప్పారు. పెళ్లయింది, కూతురు పుట్టింది.

1903లో ఇండియన్ ఎడ్యుకేషన్ సర్వీసులో చేరి కరాచీ వచ్చారు. కరాచీ హైస్కూలుకు హెడ్మాస్టరు. అప్పటికి ఆయనకు 30 ఏళ్లు కూడా లేవు.

కరాచీ నుంచి ధార్వాడ దాకా ఒకే శాఖ

కరాచీ ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది గనుక మనకు దూరంగా తోస్తుంది. ఆ రోజుల్లో అలా కాదు. సింధు ప్రాంతం 1936 వరకూ బొంబాయి ప్రెసిడెన్సీలో భాగం. పుణె, సోలాపూర్, బెళగావి, ధార్వాడ కూడా ఆ ప్రెసిడెన్సీలోనివే. అంటే సోలాపూర్‌లో మగ్గాల పేటల పక్క బడికీ, కరాచీలో రెన్ హెడ్మాస్టరుగా ఉన్న బడికీ పైన ఒకే విద్యాశాఖ. మెట్రిక్యులేషన్‌కు కూర్చునే పిల్లలకు ఒకటే బొంబాయి విశ్వవిద్యాలయం. రెన్ ఆ శాఖలో బడుల తనిఖీ వంటి బాధ్యతలూ చూశారు, పుణెలోనూ ఉన్నారు. అక్కడి వాలంటీరు రైఫిల్స్‌లో చేరి తుపాకీ కవాతూ చేశారు.

అప్పట్లో ఇంగ్లిషు చదువు ఎలా ఉండేదో కాస్త చెప్పుకోవాలి. మెట్రిక్ గట్టెక్కితే గుమాస్తా ఉద్యోగం, తప్పితే మళ్లీ ఇంటిపని. మిగతా సబ్జెక్టుల్లో ఎన్ని మార్కులొచ్చినా ఇంగ్లిషులో తప్పితే దారి మూసుకుపోయినట్టే. మద్రాసు ప్రెసిడెన్సీలో శ్రీనివాస రామానుజన్ కథ అందరికీ తెలిసిందే. కుంభకోణం కాలేజీలో ఆయనకు ఉపకార వేతనం వచ్చింది. గణితంలో మునిగిపోయి ఇంగ్లిషులో తప్పడంతో అది పోయింది. 1905లో ఇంట్లో చెప్పకుండా విశాఖపట్నం దాకా వెళ్లిపోయారు. అంతటివాడికే ఆ గతి పట్టిస్తే మామూలు పిల్లల సంగతి చెప్పేదేముంది?

కాబట్టి చదువంతా పరీక్ష చుట్టూ తిరిగేది. గ్రామరు అంటే నెస్‌ఫీల్డ్ పుస్తకాలు. ఉత్తర భారతంలో విద్యాశాఖ డైరెక్టరుగా చేసిన జె.సి.నెస్‌ఫీల్డ్ రాసిన ఆ పుస్తకాలు దేశమంతటా నడిచాయి. వాక్యాన్ని ముక్కలు చేసి ఏ ముక్క ఏమిటో చెప్పడం, సూత్రం వల్లించడం, పాఠం మాతృభాషలోకి మార్చడం, మళ్లీ ఇంగ్లిషులోకి మార్చడం.. తరగతిలో పని ఇదే. ఏళ్లకేళ్లు చదివిన కుర్రాడికి నామవాచకం నిర్వచనం నోటికొచ్చు. రేవులో దిగిన తెల్లవాడు దారి అడిగితే మాత్రం నోరు పెగలదు.

నోటితో మొదలుపెట్టమన్న మాస్టారు

దీని మీదే రెన్ కలం పట్టారు. 1910లో భారతీయ ఉపాధ్యాయుల కోసం ఓ మార్గదర్శి రాశారు. 1911లో బడి నిర్వహణ మీద ఒకటి. అదే ఏడాది మరోటి: భారతీయ పాఠశాలల్లో ఇంగ్లిషును నేరుగా బోధించడం ఎలా అన్నది దాని విషయం. గ్రామరు పుస్తకం గురించి తెలిసినవాళ్లలో ఈ మూడో పుస్తకం గురించి తెలిసినవాళ్లు చాలా తక్కువ.

అప్పటికి యూరప్‌లో డైరెక్ట్ మెథడ్ అనే పద్ధతి బాగా ప్రచారంలోకి వచ్చింది. సంగతి సులువే. బిడ్డ తల్లి భాష నేర్చినట్టే పరాయి భాష కూడా నేర్పాలి. ముందు వినాలి, తర్వాత మాట్లాడాలి, ఆపైన చదవాలి, రాయడం ఆఖరు. తలుపు చూపించి తలుపు అనాలి. తెరుస్తూ తెరుస్తున్నాను అనాలి, తెరిచాక తెరిచాను అనాలి. కాలం మారితే క్రియ ఎలా మారుతుందో పిల్లాడు కళ్లతో చూసి పట్టుకుంటాడు. మధ్యలో మాతృభాషలోకి తర్జుమా అక్కర్లేదు. గ్రామరు సూత్రం ముందు కాదు, వాడుక నోట్లో పడ్డాక చివర్లో. ఈ పద్ధతిని మన దేశపు బడుల్లో ఎలా నడపాలో ఉపాధ్యాయులకు చెప్పడానికే రెన్ ఆ పుస్తకం రాశారు.

అంటే ఏంటన్నమాట? తర్వాతి రోజుల్లో సూత్రాలకు, అభ్యాసాలకు మారుపేరైపోయిన మనిషి మొదట్లో మాట్లాడించడం వైపు నిలబడ్డారు. ఆయన జీవితంలో ఉన్న పెద్ద తిరకాసు ఇదే.

విచిత్రమేంటంటే సరిగ్గా అదే కాలంలో పర్లాకిమిడిలో మరో మాస్టారు ఇలాంటి గొడవే పెట్టుకున్నారు. ఆయన గిడుగు రామమూర్తి. ఆయనది తెలుగు గొడవ. ఉత్తర సర్కారు జిల్లాల్లో బడుల తనిఖీకి వచ్చిన యేట్స్ అనే ఆంగ్లేయ అధికారికి ఓ సందేహం వచ్చింది. జనం మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో తెలుగు ఇంకొకటి.. ఇదెందుకని? ఆ ప్రశ్న గిడుగును కదిలించింది. జీవించి ఉన్న భాషనే బడిలో నేర్పాలని ఆయన పట్టుబట్టారు. గిడుగుకీ రెన్‌కీ పరిచయం లేదు. ఒకరు ఇప్పటి ఒడిశాలో, మరొకరు ఇప్పటి పాకిస్తాన్‌లో. ఇద్దరి ఎదుటా ఉన్నది మాత్రం పుస్తకం భాష తప్ప నోటి భాష ఎరగని తరగతి గదే. గిడుగు తన పోరాటం చివరిదాకా లాగారు. రెన్ మధ్యలో వదిలేశారు.

తలనొప్పి ఎక్కడ?

రెన్ చెప్పినట్టు నేర్పడానికి గట్టి అడ్డంకులే ఉన్నాయి. తరగతిలో పిల్లలు ఎక్కువ. చెప్పే మాస్టారుకే ధారాళంగా మాట్లాడటం రాదు, ఆయనా పుస్తకంలోంచే నేర్చుకున్నారు. అన్నిటికీ మించి పరీక్షలో మాట్లాడేది లేదు, రాసేదే. ఏ పద్ధతిలో నేర్పినా ఆఖరికి ఖాళీలు పూరించాలి, యాక్టివ్‌ను ప్యాసివ్ చెయ్యాలి, డైరెక్టును ఇండైరెక్టు చెయ్యాలి.

ఇక్కడే మన పిల్లలు బోల్తా పడతారు. దానికి కారణం బుర్ర మందమని కాదు, భాషల నిర్మాణమే అలాంటిది. ఎ, ఆన్, ది అనే ముక్కలు తెలుగులో లేవు. కన్నడంలో లేవు, తమిళంలో లేవు, మరాఠీలోనూ లేవు. ఒడియాలో పదం చివర టి, టా చేర్చి కొంత ఆ పని నడిపిస్తారు. బల్ల మీద అనేటప్పుడు మనకు మీద వెనకొస్తుంది, ఇంగ్లిషులో ఆన్ ముందుకెళుతుంది.

ఇండైరెక్ట్ స్పీచ్ మరీ చిక్కు. రేపు వస్తానని చెప్పాడు అంటాం. అతను ఏమన్నాడో ఆ మాట అలాగే ఉంచి వెనక అని తగిలిస్తే మన పని అయిపోయింది. వస్తాను మారదు, రేపు మారదు. ఇంగ్లిషులో అలా కుదరదు. విల్ కాస్తా వుడ్ అవుతుంది, టుమారో కాస్తా ద నెక్స్ట్ డే అవుతుంది, నేను పోయి అతను వస్తాడు. సరిహద్దు పిల్లాడికి రెండో భాష కూడా ఇక్కడ సాయం చెయ్యదు. తెలుగు అని చేసే పనినే కన్నడంలో ఎందు, తమిళంలో ఎన్ఱు, మరాఠీలో మ్హణూన్, ఒడియాలో బోలి చేసిపెడతాయి. ఐదు భాషలు ఒకవైపు, ఇంగ్లిషు ఒక్కటీ ఇంకోవైపు.

ప్యాసివ్ వాయిస్ సంగతి సరేసరి. అన్నం తినబడింది అని తెలుగింట్లో ఎవరైనా అంటారా? అన్నం తినేశారు అంటాం. వాడుకలో లేని వాక్యాన్ని పరీక్ష కోసం తయారుచెయ్యాలి. అందుకని పిల్లలు వెతికేది అర్థం చెప్పే పుస్తకం కాదు. ముందో సూత్రం, కింద రెండు మూడు ఉదాహరణలు, ఆ కింద ఇరవై వాక్యాల అభ్యాసం ఉన్న పుస్తకం. చేతికి అలవాటైతే చాలు. తర్వాత రోజుల్లో రెన్ పేరుతో వచ్చింది అచ్చంగా అలాంటిదే.

యుద్ధం, అనారోగ్యం, రాజీనామా

కరాచీ, పుణెల్లో ఉండగానే రెన్ కథలూ మొదలుపెట్టారు. 1912లో వచ్చిన డ్యూ అండ్ మిల్‌డ్యూ సంపుటిలో కథలన్నీ కరాబాద్ అనే కల్పిత ఊళ్లో జరుగుతాయి. పేరు చూస్తేనే కరాచీ గుర్తొస్తుంది. ఇక్కడి తెల్ల దొరల క్లబ్బులు, కచేరీలు, బడులు అన్నీ అందులోకి ఎక్కాయి. అప్పటి తెల్లవాళ్ల రచనల్లో మామూలుగా కనిపించే చిన్నచూపు ఆయన కథల్లోనూ ఉంది. దాన్ని దాచి పెద్దమనిషిని చెయ్యాల్సిన అవసరం లేదు. బడి పిల్లల కోసం సైన్సు పాఠ్య పుస్తకాల్లో కూడా ఇతరులతో కలిసి పాలుపంచుకున్నారు. గ్రామరు మాస్టారుగా మనకు తెలిసిన మనిషి రసాయన శాస్త్రం, భౌతిక శాస్త్రం పుస్తకాల మీద పేరేసుకున్నారంటే ఆశ్చర్యమే.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. రెన్ భారత సైన్యపు రిజర్వు అధికారిగా చేరి తూర్పు ఆఫ్రికా వెళ్లారు. జర్మన్ల అధీనంలోని ఆ ప్రాంతంలో తూటాల కన్నా జబ్బులే ఎక్కువమందిని పడగొట్టాయి. రెన్ కూడా జబ్బుపడి వెనక్కి రావాల్సి వచ్చింది. 1917లో విద్యాశాఖకు రాజీనామా ఇచ్చేశారు. కూతురు చిన్నతనంలోనే పోయింది, భార్యా పోయింది. 40 దాటిన వయసులో లండన్‌లో రాతబల్ల ముందు కూర్చున్నారు. ఆ తర్వాత బతుకంతా రాతతోనే.

ఎడారి కోటలో శవాల కాపలా

1924లో వచ్చింది బో జెస్ట్. ఇంగ్లండు పెద్దింట్లో పెరిగిన ముగ్గురు అన్నదమ్ములు. ఇంట్లో ఓ అపురూపమైన నీలమణి మాయమవుతుంది. ఒకరి తర్వాత ఒకరుగా ముగ్గురూ ఇల్లొదిలి ఫ్రెంచి ఫారిన్ లీజియన్‌లో సిపాయిలుగా చేరతారు. సహారా ఎడారిలో ఓ కోట. సాయానికొచ్చిన దళం చూసేసరికి గోడల మీద ప్రతి కంతలోనూ తుపాకీ పట్టుకుని ఓ సిపాయి. దగ్గరికెళ్లి చూస్తే అందరూ చచ్చినవాళ్లే! బలగం ఉందని శత్రువును నమ్మించడానికి శవాలను నిలబెట్టారు. అసలక్కడ జరిగిందేంటన్నది కథ.

పుస్తకం విపరీతంగా పోయింది. 1926లో మూకీ సినిమా తీశారు. 1939లో గ్యారీ కూపర్‌తో మళ్లీ తీశారు. రెన్ అదే వరసలో బో సాబ్రర్, బో ఐడియల్ అంటూ నవలలు రాస్తూ పోయారు. ఎడారి, లీజియన్, పరువు కోసం ప్రాణాలిచ్చే కుర్రాళ్లు.. ఇవి ఉంటే పాఠకులకు చాలు.

ఫారిన్ లీజియన్ అంటే ఫ్రాన్సు 1831లో ఏర్పాటుచేసిన సేన. ఏ దేశం వాడైనా చేరొచ్చు, మారుపేరుతోనూ చేరొచ్చు, ఆ రోజుల్లో గతం గురించి గుచ్చిగుచ్చి అడిగేవారు కాదు. యానాంలో పాతతరం వాళ్లకు ఫ్రెంచి కొలువులు, ఫ్రెంచి పింఛన్లు తెలిసినవే గనుక ఈ లోకం మిగతా తెలుగువాళ్లకన్నా కాస్త దగ్గరగా తోస్తుంది.

రెన్ కూడా లీజియన్‌లో సిపాయిగా చేశారని నవలల అభిమానులంతా నమ్మారు. ఆయన కాదనలేదు. పైగా తన గురించి అచ్చయిన వివరాల్లో ఓడ కళాసీ, కూలీ, వేటగాడు, అశ్వికదళ సిపాయి.. ఇలా ఎన్నో అవతారాలు కనిపిస్తాయి. కొన్ని పుస్తకాల్లో పుట్టిన సంవత్సరం 1885 అనీ, ఊరు డెవన్ అనీ ఉండేది. తర్వాత రికార్డులు తిరగేసినవాళ్లకు తేలింది వేరు. పుట్టింది పదేళ్లు ముందు, డెప్ట్‌ఫర్డ్‌లో. లీజియన్‌లో చేసినట్టు రుజువు దొరకలేదు. చదువు, బడి ఉద్యోగం, కరాచీ, యుద్ధం.. ఏళ్లు లెక్కేసుకుంటే ఆ కొలువుకు చోటు దొరకడం కష్టమే. అయినా నమ్మేవాళ్లు ఇప్పటికీ నమ్ముతారు. బహుశా కరాచీ బళ్లో హాజరు పట్టీ పిలిచిన హెడ్మాస్టరు ఎడారి కథలు రాస్తే కొనేవాళ్లకు అంత రుచించదని ఆయనకు తెలుసేమో. పంతుళ్లను పంతుళ్లుగా లోకం ఎప్పుడు గొప్ప చేసింది గనక!

పేరు ఆయనది.. దారి పుస్తకానిది

1930ల మధ్యలో బొంబాయి నుంచి కె అండ్ జె కూపర్ ప్రచురణ సంస్థ హైస్కూల్ ఇంగ్లిష్ గ్రామర్ అండ్ కాంపోజిషన్‌ను తెచ్చింది. రచయితలు రెన్, హెచ్.మార్టిన్. అప్పటికి రెన్ ఉద్యోగం మానేసి దాదాపు 20 ఏళ్లు. ఇంగ్లండులో పేరుమోసిన నవలా రచయితగా స్థిరపడి, 1927లో రెండో పెళ్లి చేసుకున్నారు. మార్టిన్ పేరు వెనక ఎం.ఏ., ఓ.బి.ఇ. అన్న అక్షరాలు తప్ప పిల్లలకు ఇంకేమీ కనిపించదు. జంటలో రెండోవాడి పేరు మింగకుండా పలికే ఆనవాయితీ ఉండబట్టి ఆయనా బతికిపోయారు.

పుస్తకం నిర్మాణం చూస్తే పరీక్ష నాడి బాగా పట్టినవాళ్ల పని అని తెలిసిపోతుంది. భాషాభాగాలు, కాలాలు, ప్యాసివ్ వాయిస్, ఇండైరెక్ట్ స్పీచ్. ఒక వాక్యాన్ని అర్థం మారకుండా మరోలా తిప్పడం, రెండు మూడు చిన్న వాక్యాలను ఒకటిగా కుట్టడం. చివర్లో రాత పని.. పేరాగ్రాఫు, కథ, ఉత్తరం, సంక్షిప్తం, వ్యాసం. ఓ ముక్క ఇచ్చి దాని మీద ప్రశ్నలడిగే కాంప్రహెన్షన్ కూడా అందులోనే. మన పిల్లలు కాంప్రహెన్షన్‌లో ఏం చేస్తారో తెలిసిందే. ప్రశ్నలో ఉన్న మాట పాఠంలో ఎక్కడుందో వెతికి, ఆ వాక్యం మొత్తం దించేస్తారు. సగం మార్కులు అలాగే వచ్చేస్తాయి. అర్థమైందో లేదో తేలేది దించడానికి వీల్లేని ప్రశ్న వచ్చినప్పుడే. ఆ ముక్కల్ని గడియారం పెట్టుకుని చదివి, పుస్తకం మూసి, సొంత మాటల్లో రాసినవాళ్లకే అసలు ఉపయోగం కలిగింది. తక్కినవాళ్లు విడిగా అమ్మే జవాబుల కీ కొనుక్కున్నారు. ఇంట్లో ఆ కీ ఎక్కడ దాచినా పిల్లలకు దొరికిపోయేది.

స్వాతంత్ర్యం వచ్చింది, దేశం రెండైంది. కరాచీ అటు పోయింది, బొంబాయి ఇటు ఉంది. పుస్తకం మాత్రం రెండు వైపులా నడిచింది. గీత గీశాక కూడా రెండు పక్కలా ఒకే పుస్తకం చదివారంటే సరిహద్దు వాసులకు అందులో వింతేమీ కనిపించదు.

ఇటువైపు ఎస్.చాంద్ సంస్థ ద్వారా ఊరూరా చేరింది. కొన్నాళ్లకు పాతబడిన వాడుకలు తీసి, వాక్య నిర్మాణాల మీద కొత్త అధ్యాయాలు చేర్చి సవరించారు. ఆ సవరణ చేసినాయన పేరు లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది.. ఎన్.డి.వి.ప్రసాదరావు. చూడగానే మనవారి పేరనిపిస్తుంది. 1970ల తర్వాత కొన్నవాళ్లలో చాలామంది చదివింది ఆయన సరిదిద్దిన ప్రతినే. అయినా రెన్, మార్టిన్, ప్రసాదరావు అని ఎవరూ అనలేదు. సవరించినవాళ్ల గతి ఎక్కడైనా అంతే.

మళ్లీ మొదటికి

రెన్ 1911లో వాదించిన విషయం అక్కడితో ఆగిపోలేదు. హైదరాబాద్‌లో 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థ వచ్చింది. ఇంగ్లిషు మాస్టర్లకు నోటితో నేర్పే పద్ధతుల్లో శిక్షణ ఇచ్చింది. 1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్.ప్రభు ఆధ్వర్యంలో బెంగళూరు, మద్రాసు, కడలూరు బడుల్లో ఓ ప్రయోగం నడిచింది. గ్రామరు పాఠం పక్కన పెట్టేశారు. రైళ్ల వేళల పట్టిక, పటం లాంటివి ఇచ్చి ఇంగ్లిషులో లెక్క తేల్చమన్నారు. పని చేస్తూ పోతే భాష దానంతటదే పట్టుబడుతుందన్నది వాళ్ల నమ్మకం. ప్రపంచమంతా బెంగళూరు ప్రాజెక్టు అని చెప్పుకున్నారు. 2005 జాతీయ పాఠ్య ప్రణాళిక కూడా సూత్రాలు వల్లించడం కన్నా భాష చెవిన పడే వాతావరణానికే ఓటేసింది. పాఠ్య పుస్తకాలు మారాయి, ప్రశ్నపత్రాలూ కొంత మారాయి.

అలాగని లావుపాటి పుస్తకం మూలన పడిందా? లేదు. బ్యాంకు పరీక్షకు, సర్వీస్ కమిషన్ పరీక్షకు కూర్చునే డిగ్రీ కుర్రాళ్లు బడిలో దాటేసిన అధ్యాయాలకు మళ్లీ తిరిగొచ్చారు. ఆర్టికల్సు, ప్రిపొజిషన్లు, తప్పులు దిద్దడం.. ఆ పేపర్లలో అడిగేవి ఇవే కదా. మాట్లాడే ఇంగ్లిషు కోసం ఊళ్లో స్పోకెన్ కోచింగు, రాసే ఇంగ్లిషు కోసం ఇంట్లో రెన్ అండ్ మార్టిన్. రెంటికీ వేర్వేరుగా డబ్బు కట్టే పరిస్థితి తల్లిదండ్రులది. రెండూ ఒకే తరగతిలో, ఒకే మాస్టారు దగ్గర దొరకాలన్న ఆశతోనే అప్పట్లో హెడ్మాస్టరు రెన్ పుస్తకం రాశారు. ఆ పుస్తకం గ్రంథాలయాల్లో ఉండిపోయింది.

రెన్ 1941 నవంబరు 22న ఇంగ్లండులోని గ్లాస్టర్‌షైర్‌లో, ఆంబర్లీ అనే ఊళ్లో కన్నుమూశారు. 66 ఏళ్లు. రెండో ప్రపంచ యుద్ధం జోరుగా సాగుతున్న రోజులు. అక్కడివాళ్లకు ఆయన బో జెస్ట్ రచయిత. ఇప్పుడు ఆ నవల పేరు చెబితే సినిమా గుర్తొచ్చే ముసలివాళ్లు కూడా తక్కువే. మన దగ్గర కథ తలకిందులు. హైదరాబాద్ కోఠీ పాత పుస్తకాల బళ్ల మీద, విజయవాడ లెనిన్ సెంటర్ కొట్లలో రెన్ కావాలని అడిగితే కొట్టతను లావుపాటి గ్రామరు తీసి చేతిలో పెడతాడు. ఆయన నవలలు రాశాడంటారా? వాటిని ఏ అరలో వెతకాలో అతనికీ తెలియదు.